గ్రంథం ఉండగా గ్రంథకర్త ఎందుకు?

హైదరాబాద్ నగరపు విమాన రాకపోకలు 2008 మార్చి 23న బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. ఆ తర్వాత రెండేళ్లకు, 2010లో, హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ మొదలైంది. ఒకదానివల్ల రెండవది పుట్టిందని చెప్పనక్కరలేదు కాని, ఒక అతిథి దేశాన్నీ ఒక భారతీయ భాషనూ ముందుంచుకొని, ప్రవేశ రుసుము లేకుండా, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లోను, విద్యారణ్య పాఠశాలలోను, ఇటీవలి సంవత్సరాల్లో సత్వా నాలెడ్జ్ సిటీలోను జరుగుతూ వచ్చిన ఈ సాహిత్యోత్సవానికి దూరదేశాల నుంచి విమానంలో వచ్చే రచయితలకు నగరపు తొలి వాకిలి శంషాబాదే. అదే శంషాబాద్ మండలంలోని ముచ్చింతల్‌లో, చిన్నజీయర్ స్వామి ఆశ్రమ ప్రాంగణంలో, 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజాచార్యుల పంచలోహ విగ్రహం ఉంది. అది సమతామూర్తిగా ప్రసిద్ధమైంది. అయితే రామానుజులు శ్రీభాష్యం, గీతాభాష్యం, వేదార్థసంగ్రహం మొదలైన గ్రంథాలు రచించిన గ్రంథకర్త అన్న విషయాన్ని గుర్తుంచుకుంటే, ఆ విగ్రహం ఒక రచయిత జనం ఎదుట నిలిచిన రూపం కూడా అవుతుంది. ఈ విధంగా విమానం దిగిన రచయితా, లోహంలో పోతపోసిన రచయితా ఒకే మండలంలో ఉండడం ఒక పాత దార్శనిక ప్రశ్నను మళ్లీ ముందుకు తెస్తున్నది: గ్రంథం చేతిలో ఉండగా, దాన్ని రాసిన మనిషిని చూడడం వల్ల, వినడం వల్ల పాఠకుడికి కొత్తగా కలిగే జ్ఞానం ఏమిటి?

ఈ ప్రశ్నను భారతీయ దర్శనాలు రచయితను ఉద్దేశించి కాక వేదాన్ని ఉద్దేశించి అడిగాయి. వేదం ప్రమాణమని ఒప్పుకొన్న తర్వాత కూడా, ఆ ప్రామాణ్యం దానికి ఎక్కడి నుంచి వచ్చిందనే విషయంలో మీమాంసకులకూ, న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులకూ తీవ్రమైన భేదం ఉంది. జైమిని సూత్రాల మీద నిలిచిన పూర్వమీమాంస ప్రకారం వేదం అపౌరుషేయం, అంటే ఏ పురుషుడూ, చివరికి ఈశ్వరుడు కూడా, రచించనిది. కుమారిల భట్టు ఈ వాదాన్ని విస్తరిస్తూ, జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణమనీ, దాన్ని చెడగొట్టేవి బయటి నుంచి వచ్చే దోషాలేననీ, మాటకు అంటుకొనే దోషాలన్నీ మాట్లాడేవాడి భ్రమ నుంచో, పొరపాటు నుంచో, మోసగించాలనే కోరిక నుంచో వస్తాయనీ, మాట్లాడేవాడే లేనప్పుడు ఆ దోషాలకు ఆశ్రయం ఉండదనీ నిరూపించబూనాడు. జ్ఞానానికి ప్రామాణ్యం దానంతట అదే ఉంటుందనే ఈ సిద్ధాంతానికి స్వతఃప్రామాణ్యవాదమని పేరు. దీని ప్రకారం కర్త లేకపోవడం గ్రంథానికి లోపం కాకపోగా, అదే దాని బలం.

మీమాంసకులు అక్కడితో ఆగలేదు. ఒక ప్రకరణానికి అసలు తాత్పర్యం ఏదో తేల్చడానికి ఆ సంప్రదాయం, దాన్ని అనుసరించిన వేదాంతం, ఆరు గుర్తులను చెప్పాయి: ఉపక్రమోపసంహారాలు, అంటే ఆరంభమూ ముగింపూ ఒకే విషయం మీద నిలవడం, అభ్యాసం, అంటే ఆ విషయాన్నే పదేపదే చెప్పడం, అపూర్వత, అంటే వేరే మార్గంలో తెలియని విషయం కావడం, ఫలం, అంటే దానివల్ల కలిగే ప్రయోజనం చెప్పి ఉండడం, అర్థవాదం, అంటే దాన్ని పొగడడం, ఉపపత్తి, అంటే దానికి యుక్తిని చూపడం. షడ్లింగాలని పిలిచే ఈ ఆరింటిలో కర్త మనసులో ఏముందో విచారించడం అనేది ఎక్కడా లేదు. ఆరు గుర్తులూ గ్రంథం లోపలే దొరకాలి. సాహిత్యోత్సవ వేదిక ముందు లేచి నిలబడి, మీ నవల ముగింపుకు అర్థం ఏమిటని రచయితనే అడిగే శ్రోతకు మీమాంసకుడు ఇచ్చే సమాధానం కఠినంగానే ఉంటుంది: ఆ అర్థం పుస్తకంలో ఉంటే అక్కడే వెతకాలి, లేకపోతే రచయిత వచ్చి చెప్పినా అది ఆ పుస్తకానికి అర్థం కాదు. 1967లో ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ రచయిత మరణాన్ని ప్రకటించి అర్థనిర్ణయాన్ని పాఠకుడికి అప్పగించినప్పుడూ, ఇటలీ నవలా రచయిత్రి ఎలెనా ఫెర్రాంటే మారుపేరు వెనకే ఉండిపోయి, రాయడం పూర్తయ్యాక పుస్తకానికి రచయితతో పనిలేదనే వైఖరిని పాటించినప్పుడూ, వేర్వేరు కారణాలతోనే అయినా, ఆ పాత పక్షానికి దగ్గరగానే వచ్చారు.

న్యాయదర్శనం దీనికి ఎదురు పక్షం. గౌతముడి న్యాయసూత్రాల ప్రకారం శబ్దప్రమాణం అంటే ఆప్తుడి ఉపదేశం. మాటకు విలువ ఆ మాట ఎవరిదో తెలిసినప్పుడే నిలుస్తుంది. ఆప్తుడు ఎవరో భాష్యకారుడైన వాత్స్యాయనుడు వివరించాడు: విషయాన్ని ప్రత్యక్షంగా ఎరిగినవాడు, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలనే కోరిక ఉన్నవాడు, ఆ కోరికతో చెప్పడానికి పూనుకొన్నవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయన స్పష్టం చేశాడు. నమ్మదగిన మాటకు జన్మతో, దేశంతో నిమిత్తం లేదని ఒక శాస్త్రగ్రంథం అంత పూర్వమే అంగీకరించడం గమనించదగిన విషయం. వేర్వేరు దేశాల రచయితలు ఒకే వేదిక మీద కూర్చునే ఉత్సవానికి ఇంతకంటే సూటి తాత్త్విక సమర్థన దొరకడం కష్టం.

తాత్పర్యం విషయంలోనూ నైయాయికుల దారి వేరు. వారి దృష్టిలో తాత్పర్యం అంటే వక్త ఇచ్ఛ. దీనికి శాస్త్రగ్రంథాలు మళ్లీ మళ్లీ చూపే ఉదాహరణ సైంధవం. ఆ మాటకు ఉప్పనీ గుర్రమనీ రెండర్థాలు ఉన్నాయి; భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమైనవాడు తెమ్మంటే గుర్రాన్ని తేవాలి. చెప్పినవాడు ఎవరో, ఏ సందర్భంలో చెప్పాడో తెలియకపోతే ఆ వాక్యం రెండు దారుల మధ్య నిలిచిపోతుంది. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ఫీడ్రస్ అనే సంవాదంలో సోక్రటీస్ చేత దాదాపు ఇదే ఆక్షేపణ చేయిస్తాడు: రాసిపెట్టిన మాటలు ప్రశ్నిస్తే బదులు చెప్పవు, అన్యాయంగా నిందిస్తే తమను తాము కాపాడుకోలేవు, వాటికి ఎప్పుడూ కన్నవాడి అండ కావాలి. కనుక పుస్తకమే చాలుననేవాడు మీమాంసకుడి వారసుడైతే, రచయితను చూడాలని కుటుంబంతో సహా బయల్దేరి ఉత్సవానికి వచ్చేవాడు, తనకు తెలియకుండానే, నైయాయికుడి వారసుడు.

తెలుగు సాహిత్య చరిత్ర ఈ రెండు పక్షాలనూ ఆచరణలో చూసింది. శ్రీనాథుడు విజయనగర రాజసభలో గౌడ డిండిమభట్టును ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించి, కనకాభిషేకం పొందాడన్నది ప్రసిద్ధం. అక్కడ కవి దేహం సభలో ఉండడమే విజయానికి ఆధారం, ఆ దేహం మీద కురిసిన బంగారమే దానికి సాక్ష్యం. బమ్మెర పోతన దీనికి భిన్నమైన మార్గం పట్టి, భాగవతాన్ని రాజులకు అంకితం ఇవ్వనని చెప్పడమే కాక, తన చేత పలికిస్తున్నవాడు రాముడేనని కర్తృత్వాన్నే తన మీద నుంచి దించుకొన్నాడు. పోతన ఇంట లేని సమయంలో రాముడే వచ్చి గజేంద్రమోక్షంలోని ఒక పద్యాన్ని పూరించి వెళ్లాడనే ఐతిహ్యం చారిత్రక సత్యం కాకపోవచ్చు గాని, కవి లేనప్పుడే కావ్యం పూర్తయిందని నమ్మిన ఒక సమాజపు అభిప్రాయాన్ని అది తెలుపుతున్నది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీదికెక్కి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలపాటు ఉండిపోయి, 20వ శతాబ్దిలో మళ్లీ వెలుగు చూసినప్పుడు, వాటిని సమర్థించడానికి కవి రానక్కరలేకపోయింది. పాటే తన పని తాను చేసుకొన్నది.

అయితే రచయిత హాజరుకు తెలుగువారు కల్పించిన విశిష్టమైన రూపం అవధానం. శంషాబాద్ మీదుగా దక్షిణానికి సాగే జాతీయ రహదారి పాలమూరు ప్రాంతానికి చేరుతుంది; అక్కడి గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు కవిపండితులను ఆదరించినవి, వాటిలో మొదటిది విద్వద్గద్వాలగా పేరు పొందింది. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి తిరుపతి వేంకట కవులుగా జంటకట్టి, సంస్థానాల్లోను ఊరూరి సభల్లోను అష్టావధాన శతావధానాలు చేసి ఈ ప్రక్రియను జనంలోకి తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, కవి చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి అడిగేవారు కవి నోట ఒక్కొక్క అక్షరం వెలువడగానే తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి దాన్ని నిషేధిస్తూ పోతారు. కవి ఆ అక్షరాన్ని విడిచి, ఛందస్సు చెడకుండా, అర్థం తప్పకుండా వేరే అక్షరంతో ముందుకు సాగాలి. దత్తపది ఇచ్చేవారు సంబంధం లేని నాలుగు మాటలిచ్చి, వాటిని పొదిగి పద్యం చెప్పమంటారు. అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో కొంటె ప్రశ్నలతో కవి ధ్యాసను పక్కకు లాగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున నాలుగు ఆవృత్తులు ముగిశాక, కవి పద్యాలన్నిటినీ ధారణలో నుంచి ఒప్పజెప్పాలి. ఇక్కడ ప్రశ్న కార్యక్రమానికి చివర తగిలించిన అనుబంధం కాదు, ప్రశ్న లేనిదే పద్యమే పుట్టదు. రచయిత కనిపించడమంటే అడిగినదానికి బదులు చెప్పడానికి సిద్ధపడడమేననే భావన తెలుగు సభా సంప్రదాయంలో ఇంత లోతుగా పాతుకొని ఉంది.

దీనికి భిన్నమైన మరొక హాజరు ఉంది, అది దర్శనం. ఇక్కడ దర్శనం అంటే షడ్దర్శనాల్లోని సిద్ధాంతం కాదు, దేవుడి ఎదుటనో గురువు ఎదుటనో నిలిచి చూడడం, వారి చూపు తన మీద పడడం. శ్రీవైష్ణవ సిద్ధాంతం భగవంతుడికి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అనే అయిదు రూపాలు చెప్పి, వాటిలో విగ్రహరూపమైన అర్చను అందరికీ అందుబాటులో ఉండే రూపంగా భావిస్తుంది. ఆ అందుబాటు గుణానికే సౌలభ్యమని పేరు. ఆలయాల్లో గర్భగుడి దాటని మూలమూర్తి ఒకటి, వాహనమెక్కి వీధుల్లోకి వచ్చే ఉత్సవమూర్తి ఒకటి ఉంటాయి. లోపలికి రాలేని వృద్ధుడికీ, రోగికీ, ఒకప్పుడు రానివ్వని కులస్థుడికీ ఉత్సవమూర్తే దేవుడు. పుస్తకాన్ని మూలమూర్తిగా, ఊరూరా తిరిగే రచయితను ఉత్సవమూర్తిగా భావిస్తే సాహిత్యోత్సవాలకు ఒక ధర్మబద్ధమైన స్థానం దొరుకుతుంది. అయితే ఆ పోలికే ఒక నియమాన్నీ విధిస్తుంది. ఉత్సవమూర్తి తిరిగి ఆలయానికే చేరాలి, ఊరేగింపు చూసినవాడి మనసు గర్భగుడి వైపు మళ్లాలి. రచయితతో సెల్ఫీ దిగి, సంతకం చేయించుకొన్న పుస్తకాన్ని తెరవకుండా అల్మారాలో పెట్టిన పాఠకుడి విషయంలో ఊరేగింపు జరిగింది గాని దాని ప్రయోజనం నెరవేరలేదు.

రామానుజుల జీవితగాథ ఈ చిక్కును స్వయంగా ఎదుర్కొన్నది. ఆయన మేల్కోట విడిచి శ్రీరంగానికి తిరుగు ప్రయాణమైనప్పుడు, ఎడబాటు భరించలేని శిష్యుల కోసం అక్కడ ఆయన విగ్రహాన్ని నెలకొల్పారని సంప్రదాయం చెబుతుంది. దానికి తమరుగంద తిరుమేని, అంటే తనవారు మెచ్చిన రూపమని పేరు. శ్రీపెరుంబుదూరులోని విగ్రహం ఆయన తాను మెచ్చిన రూపం, శ్రీరంగంలో ఉన్నది తానే అయిన రూపం. శ్రీభాష్యం చేతిలో ఉన్న శిష్యులు కూడా ఆయన ముఖాన్ని కోరుకొన్నారన్న ఈ గాథ, గ్రంథం మనిషి లేని లోటును పూర్తిగా తీర్చలేదన్న ఒప్పుకోలు. ముచ్చింతల్‌లో 54 అడుగుల భద్రవేదిక మీద నిలిపిన మహావిగ్రహమూ, ఆయన జీవించారని చెప్పే 120 సంవత్సరాలకు గుర్తుగా లోపల ప్రతిష్ఠించిన 120 కిలోల బంగారు విగ్రహమూ ఆ కోరికకే మన కాలపు కొలతలు. అయితే ఇంత భారీగా కనిపిస్తున్న ఈ గ్రంథకర్త, తన భాష్యం మొదట్లోనే, బోధాయనుడి వృత్తినీ, అంటే సూత్రవ్యాఖ్యనూ, దాన్ని సంగ్రహించిన పూర్వాచార్యుల మతాన్నీ అనుసరించి చెబుతున్నానని ప్రకటించి, సొంతంగా చెప్పేదేమీ లేదన్నట్టు వెనక్కి తప్పుకొన్నాడు. వేదం అపౌరుషేయమని నమ్మిన వ్యాఖ్యాత తన పేరును కూడా దాని వెనక నిలపడం సహజమే. ఆయనను ముందుకు తెచ్చినవారు పాఠకులూ భక్తులూ.

దర్శనాన్ని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తెలుగులో తీవ్రంగా చర్చకు గురైన రచయితల్లో ఒకరైన చలం 1950లో అరుణాచలానికి వెళ్లి, 1979లో మరణించేదాకా అక్కడే ఉండిపోయారు. మాటలకంటే మౌనంతోనే ఎక్కువ బోధించారని పేరున్న రమణ మహర్షి సన్నిధిని ఆయన కోరుకొన్నారు. ఆయన పుస్తకాలు చదివిన పాఠకులు మాత్రం ఆయనను చూడడానికి అరుణాచలం దాకా ప్రయాణం చేశారు. రచయితే దర్శనార్థి అయి, అదే సమయంలో ఇతరులకు దర్శనీయుడైన ఈ స్థితి చెప్పేది ఒకటే: మనిషి మనిషి ఎదుట నిలవాలనే కోరిక జ్ఞానాపేక్ష కంటే పాతది, దాన్ని ఏ సిద్ధాంతమూ తుడిచివేయలేదు. దర్శనంతో వచ్చే చిక్కల్లా దాని ముందు ప్రశ్న ఆగిపోవడమే. దేవుడి ఎదుట ఆగడం భక్తి; రచయిత ఎదుట ఆగడం అతనికీ, పుస్తకానికీ కూడా నష్టం.

కనిపించే అవకాశం అందరికీ ఒకేలా దక్కలేదన్న విషయాన్ని విడిచి ఈ చర్చ ముందుకు సాగకూడదు. గుర్రం జాషువా 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో, గుడిలో అడుగుపెట్టనివ్వని ఒక పేదవాడు, గుడిలోకి స్వేచ్ఛగా వెళ్లగల గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి తన మొర పంపుతాడు. తాను ఎదుటికి రాలేనివాడు దూతను పంపుకోవలసి రావడమే ఆ కావ్యానికి మూలం. కవిత్వం వినే సభల్లో కూడా పుట్టుక గురించి అడిగి అవమానించిన సమాజం మధ్య బతికిన ఆ కవి పాదానికి చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి స్వయంగా గండపెండేరం తొడిగారు. అక్కడ గౌరవం కావ్యానికి మాత్రమే కాక, సభ మధ్యలో అందరికీ కనిపించేలా నిలబడిన ఒక మనిషి దేహానికి దక్కింది. తరతరాలుగా పేరుతో, పీటతో సభల్లో ఉన్నవారికి రచయిత మరణం ఒక సొగసైన సిద్ధాంతం కావచ్చు. ఇంతవరకు సభలోకే రానివ్వనివారికి అది, వచ్చీ రాకముందే బయటికి పొమ్మనే మాటలా వినిపిస్తుంది. కనుక కర్త లేని గ్రంథమే నిర్దుష్టమన్న మీమాంసక న్యాయాన్ని మనుషులు రాసే సాహిత్యానికి యథాతథంగా వర్తింపజేయడం న్యాయం కాదు.

కనిపించడానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తన నవల తెలుగు అనువాదం ఆవిష్కరణకు వచ్చిన తస్లీమా నస్రీన్ మీద దాడి జరిగింది. 2012లో జైపూర్ ఉత్సవానికి రావలసిన సల్మాన్ రష్దీ రాలేకపోవడమే కాక, వీడియో ద్వారా మాట్లాడే ఏర్పాటు కూడా రద్దయింది. పదేళ్ల తర్వాత, 2022 ఆగస్టు 12న, అమెరికాలోని షటాక్వాలో ఉపన్యాస వేదిక మీదనే ఆయన కత్తిపోట్లకు గురయ్యారు. ఈ ఘటనల్లో దాడి చేసినవారు రచయితను ఏమీ అడగలేదు. బదులు చెప్పగల మనిషి ఎదుట ఉన్నా, ప్రశ్నించే అవకాశాన్ని వదులుకొని దేహాన్నే లక్ష్యం చేసుకొన్నారు. రామానుజుల గాథలో దీనికి మరొక పార్శ్వం కనిపిస్తుంది. గురువు తిరుక్కోష్టియూర్ నంబి ఆయనను పద్దెనిమిదిసార్లు తిప్పుకొని, ఎవరికీ చెప్పవద్దనే ఆజ్ఞతో రహస్యార్థాన్ని ఉపదేశించగా, ఆయన గుడి ఎత్తు మీదికెక్కి దాన్ని అందరికీ వినిపించి, గురుద్రోహం వల్ల తనకు నరకం వచ్చినా అందరూ తరిస్తారు కదా అని బదులిచ్చారని సంప్రదాయం. బహిరంగంగా మాట్లాడడంలోని ప్రమాదాన్ని తన మీద వేసుకొనే రచయితకు ఆ ఎత్తు అధికారపీఠం కాదు, జవాబుదారీ స్థానం.

ఇంతవరకు వచ్చిన విచారణ వల్ల, రచయిత ఉండాలా అక్కరలేదా అన్న ప్రశ్న కంటే, ఉన్నప్పుడు జరిగేది ఏమిటన్న ప్రశ్నే ముఖ్యమని తేలుతున్నది. దీన్ని కొలవడానికి న్యాయశాస్త్రమే సాధనం ఇచ్చింది. ఇద్దరు ఒక విషయం మీద చేసే చర్చకు ఆ శాస్త్రంలో కథ అని పేరు, అది మూడు విధాలు. సత్యం తెలుసుకోవాలనే కోరికతో, ప్రమాణాలతో తర్కంతో, ఇరుపక్షాలూ తమ మాటకు ఆధారం చూపుతూ చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని, మాటను వక్రీకరించడానికి కూడా వెనుదీయకుండా చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలపకుండా ఎదుటివాడి మాటను ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండం. వాదాన్ని శిష్యుడితో, గురువుతో, సహాధ్యాయితో, శ్రేయస్సు కోరేవారితో, అసూయ లేనివారితో చేయాలని న్యాయసూత్రాలు చెబుతున్నాయి. శ్రీనాథుడు డిండిమభట్టుతో చేసినది, కంచుఢక్క పగిలిన తీరు చూస్తే, జల్పానికే దగ్గర. నేటి ఉత్సవ వేదికల మీద జల్పవితండాలకు తోడు ఈ మూడింటిలో దేనికీ చెందని నాలుగవది ఒకటి తయారైంది: మోడరేటర్ రచయితను పొగడడం, రచయిత మోడరేటర్‌ను పొగడడం, చివరి అయిదు నిమిషాల్లో మైకు ప్రేక్షకుల్లో ఇద్దరి ముగ్గురి చేతులు మారి తిరిగి రావడం. దీన్ని శాస్త్రకారులు పేర్కొనకపోవడానికి కారణం, అందులో చర్చించే పక్షమే లేకపోవడం.

వాదం అంటే ఎలా ఉండాలో శ్రీభాష్య రచన గురించిన గాథలో దగ్గరగా కనిపిస్తుంది. రామానుజులు భాష్యం చెబుతుండగా శిష్యుడు కూరత్తాళ్వాన్ రాసేవారు. చెప్పిన మాట సిద్ధాంతానికి సరిపడలేదని తోచినప్పుడు రాయడం ఆపాలని వారి మధ్య ఏర్పాటు. జీవాత్మ స్వరూపం చెప్పే చోట రామానుజులు జీవుడిని జ్ఞాతగా, అంటే తెలుసుకొనేవాడిగా మాత్రమే నిర్వచించి, భగవంతుడికి అతడు శేషుడు, అంటే అధీనుడు, అన్న అంశం చెప్పకపోవడంతో ఆళ్వాన్ గంటం ఆగింది. గురువుకు కోపం వచ్చింది. భాష్యం నువ్వే రాసుకో అన్నంత దూరం వెళ్లింది. తర్వాత ఆలోచించి, శిష్యుడి పక్షమే సరైనదని ఒప్పుకొని సవరించారని సంప్రదాయం. గంటం ఆగకపోయి ఉంటే ఆ చోట లోపం అలాగే మిగిలిపోయేది. గ్రంథకర్తను అంగీకరించిన నైయాయికుడి మాటా, గ్రంథమే ప్రమాణమన్న మీమాంసకుడి మాటా ఇక్కడ ఒకే చోట కలుస్తున్నాయి: రచయిత ఎదుట ఉండడం వల్ల ప్రశ్నకు తావు కలిగింది, అయితే ఆ ప్రశ్నకు ఆధారం రచయిత పెద్దరికం కాదు, వారిద్దరూ కట్టుబడిన సిద్ధాంతం.

కనుక నిర్ణయం ఈ విధంగా చెప్పవచ్చు. గ్రంథానికి అర్థం చెప్పే అధికారం కోసం రచయిత సభకు రానక్కరలేదు. ఆ అధికారం గ్రంథంలోని ఆరు గుర్తులకు, వాటిని ఓపికగా వెతికే పాఠకుడికి చెందుతుంది. దర్శనం కోసం రావచ్చు, అది మనిషికి సహజమైన కోరిక, అంతకుముందు ఎన్నడూ వేదిక దక్కనివారి విషయంలో అది న్యాయమైన హక్కు కూడా. అయితే రచయిత స్వయంగా రావడం వల్ల మాత్రమే సిద్ధించే ప్రయోజనం ఒక్కటే, అది తాను రాసినదానికి బదులు చెప్పుకోవడం, అవసరమైతే మార్చుకోవడం. ఆ ప్రయోజనం నెరవేరాలంటే నిర్వాహకులు ప్రతి సమావేశంలోనూ సగం కాలాన్ని ప్రశ్నలకు కేటాయించాలి, రచయిత మిత్రుడిని కాక రచనను నిశితంగా చదివినవారిని మోడరేటర్‌గా కూర్చోబెట్టాలి, తెలుగులో అడిగిన ప్రశ్నకు ఇతర భాషల రచయిత బదులిచ్చేలా అనువాదకుడిని వేదిక మీద ఉంచాలి. పాఠకులు చేయవలసినది ఇంకా ముఖ్యం: రచయితను చూడబోయే ముందు అతని పుస్తకం ఒక్కటైనా పూర్తిగా చదవాలి, ఒప్పుకోలేని చోట గీత పెట్టుకోవాలి, సభలో లేచి ఆ చోటునే చూపి అడగాలి.